సైడరు ఆపిల్ రైతులు క్రొత్త పద్ధతులు నేర్చుకొను విధము

ఇంగ్లండు పశ్చిమ భాగమున సోమర్సెట్, హెరెఫర్డ్‌షైర్ ప్రాంతములలో సైడరు ఆపిల్ ముఖ్యమైన తోట పంట. ఈ ఆపిల్ రకములలో చాలవరకు చేదుగాను, వగరుగాను ఉండుటచే తినుటకు బాగుండవు. పండ్లను నలగగొట్టి, రసము పిండి, పులియబెట్టి సైడరు అను పానీయము తయారు చేయుదురు.

మన ప్రాంతమున ఈ పంట లేదు. అయినను ఆ రైతుల అనుభవము తోటలు వేయు ప్రతి రైతుకు ఉపయోగపడగలదు. వరిలో పొరపాటు జరిగినచో మరుసటి పంటకు దిద్దుకొనవచ్చును. తోటలో ఎడము తప్పినను, రకము తప్పినను ముప్పది ఏండ్లు అనుభవింపవలసినదే. కావున తోట రైతు మొక్క నాటకముందే నేర్చుకొనవలెను.

పాత తోట, క్రొత్త తోట

పూర్వము చెట్లను 30 అడుగుల ఎడమున నాటెడివారు. ఎకరాకు 48 చెట్లు పట్టెడివి. చెట్ల క్రింద గొఱ్ఱెలు, పశువులు మేసెడివి. పూర్తి కాపునకు పది పదిహేనేండ్లు పట్టెడిది. పొడవాటి కొక్కెపు కఱ్ఱతో కొమ్మలను ఊపి, రాలిన పండ్లను చేతులతో ఏరి గోతాములలో నింపెడివారు. చలిలో, తడి గడ్డిలో వంగి చేయు ఈ పనికి రానురాను కూలీలు దొరకుట కష్టమయ్యెను.

క్రొత్త తోటలలో పొట్టి చెట్లను వరుసల మధ్య సుమారు 18 అడుగులు, చెట్ల మధ్య 8 అడుగులు ఉండునట్లు నాటుదురు. ఎకరాకు 300 చెట్లు పట్టును. నాలుగైదేండ్లకే కాపు వచ్చును. ఈ మార్పు 1960 తరువాతనే విరివిగా వ్యాపించెను.

పరిశోధనా స్థానము

సోమర్సెట్‌లోని బట్లీ గ్రామమున నెవిల్ గ్రెన్‌విల్ అను భూస్వామి 1893లో సైడరు తయారీపై ప్రయోగములు ప్రారంభించెను. 1777లో స్థాపితమైన బాత్ అండ్ వెస్ట్ వ్యవసాయ సంఘము అందుకు తోడ్పడెను. దాని ఫలితముగా 1903లో బ్రిస్టల్ సమీపమున లాంగ్ ఆష్టన్ పరిశోధనా స్థానము ఏర్పడెను. అచటి శాస్త్రజ్ఞుడు బార్కర్ ఆపిల్ రసములోని పులుపును, వగరును కొలిచి రకములను నాలుగు తరగతులుగా విభజించెను. ఏ రకము నాటిన ఎట్టి రసము వచ్చునో రైతుకు ముందుగనే తెలియుటకు ఇది ఆధారమయ్యెను.

పుస్తకము చదువని రైతు కూడ అచట నేర్చుకొనుటకు వీలుండెను. ఏటేట సైడరు రుచి చూచు దినమున రైతులు, మిల్లుదారులు అచట కలిసికొనెడివారు. తన తోట పండు పీపాలో ఏమగుచున్నదో రైతు నాలుకతోనే తెలిసికొనెడివాడు.

సలహాదారు, మిల్లు

1946లో ప్రభుత్వము జాతీయ వ్యవసాయ సలహా సర్వీసును నెలకొల్పెను. సలహాదారు తోటకు వచ్చి చూచి, రైతుపై ఖర్చు పడకుండ సలహా చెప్పెడివాడు. మరియొక వైపు హెరెఫర్డ్‌లోని బల్మర్ వంటి పెద్ద సైడరు కంపెనీలు రైతులతో ఒడంబడికలు చేసికొని, మొక్కలను సమకూర్చి, తమ తోట నిపుణులను పంపినవి. క్రొత్త తోటల వ్యాప్తికి ఈ ఒడంబడికలు చాల తోడ్పడినవి.

యంత్రమును తోటలోనే చూడవలెను

కోతకు మూడు పనులు గలవు. ట్రాక్టరుకు తగిలించిన యంత్రము చెట్టును పట్టి ఊపును. గాలి కొట్టు యంత్రము రాలిన పండ్లను చెట్ల మొదళ్ల నుండి వరుసల మధ్యకు త్రోయును. ఏరు యంత్రము వాటిని ఎత్తి తొట్టిలో వేయును. పండు ఎటులైనను నలగగొట్టబడునదే గనుక కొద్ది దెబ్బ తగిలినను నష్టము లేదు.

ఈ యంత్రములను సంతలలోను, ప్రదర్శనలలోను చూడవచ్చును. కాని చదునైన మైదానములో ప్రతి యంత్రము చక్కగనే నడచును. అందుచే రైతులు కోత కాలమున తోటి రైతు తోటలో అది పని చేయుచుండగా చూచుటకు పోవుదురు. అచట అడుగవలసిన ప్రశ్నలివి:

1. గడ్డిలో ఎన్ని పండ్లు మిగిలిపోవుచున్నవి?
2. పండ్లతో మట్టి, ఆకు ఎంత వచ్చుచున్నది?
3. చెట్టు బెరడు చీలుచున్నదా?
4. వాన తరువాత, ఏటవాలు నేలపై నడచునా?
5. వరుస చివర తిరుగుటకు ఎంత స్థలము కావలెను?

అయిదవ ప్రశ్న అన్నిటికంటె ముఖ్యము. వరుసల ఎడము, చివర విడుచు ఖాళీ, మొదట కొమ్మలు లేని కాండము, చదునైన నేల — ఇవన్నియు నాటునాడే నిర్ణయింపబడును. యంత్రమును పదేండ్ల తరువాత కొనవచ్చును. దానికి దారి మాత్రము మొదటి దినముననే విడువవలెను. చిన్న రైతు కొననక్కరలేదు, అద్దెకు తెచ్చుకొనవచ్చును.

2003 తరువాత

సలహా సర్వీసు 1997లో ప్రైవేటు పరమయ్యెను. లాంగ్ ఆష్టన్ స్థానము 2003లో మూతబడెను. అచట రే విలియమ్స్, లిజ్ కోపస్ గారలు సంకరపరచిన 29 త్వరిత రకములు అప్పటికి ఇంకను పరీక్షలలోనే ఉండెను. కోత అంతయు ఒకేసారి మీద పడకుండుటకు ఉద్దేశించిన రకములివి. రైతుల తోటలలో పరిశీలన సాగుటచేతనే అవి నిలిచినవి.

కొనువాని సలహా మంచిదే. కాని వాని అవసరము మారిన, సలహాయు మారును. మన్మత్‌షైర్‌లో బల్మర్ తోట ఒకటి, సుమారు 300 ఎకరములది, ఆపిల్ మిగులు ఎక్కువగుటచే 2023లో పెరికివేయబడెను. పద్ధతి ఎంత క్రొత్తదైనను పండు కొనువాడు లేనిచో చెట్టు నిలువదు.

కావున మామిడి గాని, బత్తాయి గాని నాటదలచిన రైతు సోదరులు ఒకరి మాటతో సరిపెట్టుకొనరాదు. పరిశోధనా స్థానములో రకమును, సలహాదారు వద్ద పద్ధతిని, వర్తకుని వద్ద గిరాకిని తెలిసికొనవలెను. పిమ్మట పదేండ్ల వయసు గల తోట యున్న రైతు వద్దకు పోయి, “మరల నాటవలసి వచ్చిన ఏమి మార్చెదవు?” అని అడుగవలెను. ఆ జవాబు విన్న తరువాతనే గోతులు త్రవ్వుట మంచిది.