పొగగొట్టం చుట్టూ చెమ్మ ఎక్కడిది?

గోడకు రంగు వేయించి ఏడాది తిరగలేదు. అయినా వంటగదిలో పొగగొట్టం చుట్టూ గోధుమరంగు మచ్చ మళ్ళీ తేలింది. పాత ఇండ్లలో నివసించేవారికి ఈ దృశ్యం పరిచితమే.

1955 ఫిబ్రవరిలో సోవియట్ ప్రభుత్వంతో ఒప్పందం కుదిరిన తరువాత, 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ భిలాయి కర్మాగారపు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించారు. ఉత్తరాంధ్ర నుండి వెళ్ళి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. గ్యాసు ఇంటింటికీ రాకపూర్వం వంట బొగ్గుల మీదనే సాగేది. ఆ పొయ్యిలు పోయాయి. పొగగొట్టం గల పాత ఇండ్లలో అది మాత్రం నిలిచింది. పావురాల బెడద పడలేక పైన రాతి పలకతో, క్రింద ఇటుకలతో దానిని మూసివేయడం పరిపాటి అయింది.

మేస్త్రీని పిలిస్తే ముందుగా శ్లాబునే అనుమానిస్తాడు. అతనికి పని పుట్టేది అక్కడే కదా! అతని అనుమానం నిజమూ కావచ్చు. ఇటుక గొట్టమూ, కాంక్రీటు శ్లాబూ ఎండకు ఒకే తీరున వ్యాకోచించవు. ఆ రెండూ కలిసే చోట సిమెంటుతో దిద్దిన అంచు వెంట్రుకవాసి పగులుతుంది. ఆ చీలికలో దిగిన నీరు శ్లాబులోని ఇనుప ఊచలను చేరితే తుప్పు ఉబ్బి, కప్పు పెచ్చులుగా ఊడి క్రింద ఉన్నవారి నెత్తిన పడవచ్చు. కనుక దీనిని రంగుతో కప్పిపుచ్చడం ప్రమాదకరం.

అయితే చెమ్మ ఎప్పుడు కనిపిస్తున్నదో మొదట గమనించండి. జడివాన కురిసిన కొద్ది గంటలలో మచ్చ పెరిగితే నీరు పైనుండి దిగుతున్నదని ఊహించవచ్చు. వాన లేకపోయినా, మబ్బు పట్టి ఉక్కగా ఉన్న నాడు గోడ తడిసి, ఎండ కాయగానే ఆరిపోతే కారణం వేరు. ఏళ్ళ తరబడి బొగ్గు పొగ పీల్చిన ఇటుకలలో గంధకపు లవణాలూ, క్లోరైడులూ, నైట్రేటులూ పేరుకొని ఉంటాయి. వీటిలో కొన్ని గాలిలోని తేమను తామే లాగుకొంటాయి. మన వంట ఉప్పు సైతం గాలిలో తేమ 75 శాతం దాటితే నీరు కారుతుంది. ఛత్తీస్‌గఢ్ మైదానంలో శ్రావణ భాద్రపదాలలో తేమ తరచు అంతకు మించే ఉంటుంది. ఇట్టి గోడ ఉన్న ఇంట శ్లాబును ఎన్నిమార్లు బాగుచేయించినా డబ్బు దండుగ.

మూడవది, మూసిన గొట్టంలో చిక్కుకున్న గాలి. లోపల చేరిన ఆవిరికి బయటకు దారి లేక చల్లని ఇటుకపై నీరై పేరుకొని, పాత మసిని కరిగించి గోడలోనికి దింపుతుంది. గోధుమరంగు అక్కడిదే.

సందేహం తీరకపోతే ఎండ కాసే రోజున నీటితో పరీక్షించవచ్చు. మొదట శ్లాబు కూడలిని మాత్రమే తడిపి గంటసేపు ఆగాలి. పిదప గొట్టపు ప్రక్కలను, చివరకు పైకొనను తడపాలి. క్రమం తప్పి పైనుండి మొదలుపెడితే నీరు అన్నిటినీ తడిపివేస్తుంది; దోషి దొరకడు.

కూడలి పగిలి ఉంటే పాత అంచును పూర్తిగా చెక్కి, కొత్తగా ఏటవాలుగా దిద్దించాలి. గొట్టంపై పలకను తీసివేయనక్కరలేదు. నాలుగు ఇటుకలపై ఎత్తి నిలిపితే వాన పడదు, గాలి ఆడుతుంది. పావురాలకు అడ్డంగా జాలీ బిగించాలి. క్రింద మూసిన చోట కూడా చిన్న రంధ్రం విడవాలి. లవణం పట్టిన పూతకు మాత్రం మందు లేదు. మచ్చ అంచుకు జానెడు మేర అవతలి వరకు ఇటుక కనిపించేలా కొట్టివేయవలసిందే. దానిపై ఆయిల్ పెయింటు వేస్తే చెమ్మ ప్రక్కకు జరుగుతుందే గాని పోదు. జిప్సం పూత అసలే పనికిరాదు. సున్నము, ఇసుక కలిపిన పూత మేలు. హోళీ దాటగానే పాత పూత తీయించి, చైత్ర వైశాఖాల ఎండకు ఇటుకను వదిలిపెట్టి, జూన్ నడిమికి వానలు దిగేలోగా కొత్త పూత వేయిస్తే సరిపోతుంది.