విజ్ఞానచంద్రికామండలి సంపాదకుని నెరుగుట

విజ్ఞానచంద్రికామండలిని గూర్చి వ్రాయు వారందరును ఇంచుమించుగ ఒకే వాక్యముతో నారంభింతురు. మండలి 1906లో హైదరాబాదున స్థాపింపబడి ఆధునిక విజ్ఞానమును తెలుగువారి కందించెను అనునదియే ఆ వాక్యము. అందు అసత్య మేమియు లేదు. కాని సంస్థ తనంత తాను ఆలోచింపదు. ఏ గ్రంథము ముందు రావలెను, ఏది ఆగవలెను, ఎవరిచే వ్రాయింపవలెను, చేతికి వచ్చిన ప్రతిలో నెచ్చట కలము పెట్టవలెను అను విషయములను ఎవరో యొకరు నిర్ణయించి యుండవలెను. అట్లు నిర్ణయించినవారు కొమర్రాజు వేంకటలక్ష్మణరావుగారు. వారి నామము మన సాహిత్యచరిత్రలలో లేకపోలేదు. గౌరవవాచకములతో సహా కలదు. ఆ నామము వెనుకనున్న మనిషిని పరిశోధకుడు తెలిసికొనుట ఎట్లు అనునది వేరు ప్రశ్న. ఈ వ్యాసము ఆ ప్రశ్నకే పరిమితము.

మండలి ప్రచురణల ముఖపత్రములపై 'సంపాదకుడు' అని వారి పేరు కనిపించును. దూరగ్రామమున నున్న చందాదారునకు అంతకుమించి వారినిగూర్చి తెలియదు. వానికి తెలిసినదెల్ల తపాలాలో వచ్చు పుస్తకమే. ఒక పాఠకలోకమును నడపువానికి ఆ లోకముతో నుండు సంబంధము విచిత్రమైనది. అందరి ఇండ్లలోను ఆయన ప్రవేశించును. ఆయన ఇంటిలోనికి ఎవరును ప్రవేశింపరు. కందుకూరి వీరేశలింగంపంతులుగారు స్వీయచరిత్రము వ్రాసికొనిరి. మండలి స్థాపకులలో నొకరైన అయ్యదేవర కాళేశ్వరరావుగారును తమ జీవితకథను గ్రంథముగ వెలువరించిరి. లక్ష్మణరావుగా రట్టిది వ్రాయలేదు. 1923 జూలైలో చెన్నపురియందు దివంగతులగునాటికి వారి వయస్సు నలుబదియారు. ఆత్మకథ వ్రాయుటకు మనుష్యు డుపక్రమించు వయస్సు కాదది.

వారు 1877 మే 18న కృష్ణామండలములోని పెనుగంచిప్రోలున జన్మించిరి. ఆ గ్రామము నేడు ఎన్.టి.ఆర్. జిల్లాలో నున్నది. తండ్రి బాల్యముననే గతించుటచే అక్కగారగు భండారు అచ్చమాంబ, బావగారగు మాధవరావుగార్ల యొద్ద మధ్యపరగణాలలో పెరిగిరి, నాగపురమున చదివిరి. మరాఠీని వ్యాసములు వ్రాయగలిగినంతగా నేర్చిరి. ఈ విషయమును జీవితచరిత్రలలో ఒక్క పంక్తిలో చెప్పి దాటుట ఆచారమైనది. నా దృష్టిలో ఇది దాటదగినది కాదు. తెలుగుదేశమునకు వెలుపల పెరిగిన తెలుగువాడు తన భాషను ఇతరభాష ప్రక్కన నిలిపి చూడ నేర్చును. మరాఠీలో చరిత్రపరిశోధనయు, శాస్త్రగ్రంథరచనయు అప్పటికే సాగుచుండెను. తెలుగున లేనిదేదో ఇంటనున్నవానికంటె బయటనుండి తిరిగివచ్చినవానికి ముందు కనబడును.

అక్కగారి విషయ మింకొంత చెప్పవలసియున్నది. అచ్చమాంబగారు పాఠశాలకు పోలేదు. తమ్ముని చదువు ప్రక్కన కూర్చుండి చదువుకొనిరి. తరువాత 'అబలాసచ్చరిత్ర రత్నమాల' రచించిరి. 1902లో వెలువడిన 'ధనత్రయోదశి' యను కథకును వారే కర్త్రి. 1905లో ముప్పదియేండ్ల ప్రాయమున మరణించిరి. మరుసటి యేటనే మండలి పుట్టినది. ఈ రెండింటికిని కార్యకారణసంబంధము కలదని నేను చెప్పజాలను. అట్లు చెప్పుటకు పత్రాధారము వలయును. కాని ఇంగ్లీషు రాకున్నను, బడి లేకున్నను, చేతికి మంచి తెలుగు పుస్తకము దొరకినచో మనుష్యు డెంత ఎదుగగలడో లక్ష్మణరావుగారు తమ ఇంటిలోనే చూచియుండిరి. మండలి ఎవరికొరకు గ్రంథములు ప్రచురించెనో తెలిసికొనుటకు ఇంతకంటె మంచి నిదర్శనము నాకు కానరాదు. వారు తమ కుమార్తెకు పెట్టుకొన్న పేరును అచ్చమాంబయే. ఆమె వైద్యురాలై 1957లో విజయవాడనుండి లోకసభకు ఎన్నికైనది.

చదువు ముగిసిన పిమ్మట లక్ష్మణరావుగారు మునగాల రాజా నాయని వేంకటరంగారావుగారి కొలువున దివానుగా నుండిరి. మునగాల పరగణా భౌగోళికముగ గమనింపదగినది. నేడది తెలంగాణములోని సూర్యాపేట జిల్లాలో చేరియున్నది. ఆ కాలమున నైజాము రాజ్యము నడుమ నున్నను, చెన్నపురి రాజధానిలోని కృష్ణామండలమునకు చెందిన ద్వీపమువంటి ప్రదేశమది. ఇరుప్రక్కల తెలుగువారితోను వ్యవహరించుట అచ్చటి దివానునకు నిత్యకృత్యము. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము, 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్రభాషానిలయము వెలసినపుడు, ఆ ఉద్యమమునకు మునగాల రాజావారి ధనమును, రావిచెట్టు రంగారావుగారి ఔదార్యమును, లక్ష్మణరావుగారి యోచనయు తోడుపడినవి. రాజ్యములు రెండైనను పాఠకులొక్కరే యను భావము వారికి ఉపన్యాసములనుండి గాక ఉద్యోగమునుండి లభించెనని నా నమ్మకము.

మండలి తొలి ప్రచురణము గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్రము. అది 1907లో వెలువడినది. తెలుగు చదువరుల కందించు మొదటి గ్రంథముగ రామాయణమునో, దేశీయవీరుని చరిత్రనో కాక బానిసత్వమును తొలగించిన అమెరికా అధ్యక్షుని చరిత్ర నేరికొనుట యాదృచ్ఛికము కాజాలదు. వందేమాతరోద్యమదినములలో ఆ విషయమునకు గల ధ్వని ఎవరికైన నర్థమగును. మరుసటి యేట, 1908లో, రచయితయగు హరిసర్వోత్తమరావుగారు తమ పత్రికలోని వ్రాతకుగాను రాజద్రోహనేరముపై మూడేండ్ల కారాగారశిక్షకు లోనైరి. ఆ సంవత్సరమే మండలి హైదరాబాదునుండి చెన్నపురికి తరలినది. అటుపిమ్మట మండలి పట్టికను చూడుడు: చరిత్ర, జీవశాస్త్రము, పదార్థవిజ్ఞానము, రసాయనము, అర్థశాస్త్రము, నవల. బాహాటమైన రాజకీయగ్రంథము లేదు. దీనిని కొందరు భీరుత్వ మనవచ్చును. నే నట్లు తలపను. సంస్థను మూయించుకొని త్యాగి యనిపించుకొనుట ఒక మార్గము. సంస్థను నిలుపుకొని పాఠకుని పెంచుట మరియొక మార్గము. లక్ష్మణరావుగారు రెండవదానిని ఎన్నుకొనిరి. చెరనుండి వచ్చిన హరిసర్వోత్తమరావుగారికి తరువాత విజ్ఞానసర్వస్వపు పనిలో తావు కలిగినదను విషయమును దీనితో జోడించి చూచినగాని ఆ యెన్నికయొక్క పూర్ణస్వరూపము తెలియదు.

సంపాదకుని స్వభావము ఎక్కువగ వెల్లడియగునది వారు ఇతరులచే వ్రాయించిన గ్రంథములలో. చిలుకూరి వీరభద్రరావుగారి 'ఆంధ్రుల చరిత్రము' ప్రథమభాగము 1910లో ఈ గ్రంథమాలలోనే వచ్చినది. కట్టమంచి రామలింగారెడ్డిగారి 'అర్థశాస్త్రము'ను ఇందలిదే. నవలలకు బహుమతులు ప్రకటించి పోటీలు నడపిరి. 'రాయచూరు యుద్ధము', 'విజయనగర సామ్రాజ్యము' వంటి చారిత్రకనవలలు ఈ గ్రంథమాలకు చెందినవే. పోటీ పెట్టుట యనగా ధనమును చూపి రచయితలను పిలుచుట మాత్రమే కాదు. చారిత్రకేతివృత్తమును ప్రోత్సహించుటచే, నవలారచనకు పూనుకొనువాడు ముందు చరిత్రగ్రంథమును చదువక తప్పదు. ఆ చరిత్రగ్రంథ మెక్కడ దొరకును? అదే గ్రంథమాలలో, సంపాదకుడే రచించిన 'హిందూమహాయుగము', 'మహమ్మదీయ మహాయుగము' అనువానిలో. నవల చదువరి చరిత్రకు, చరిత్ర చదువరి నవలకు పోవునట్లు ఒక ప్రచురణమునకు మరియొకటి దారి చూపుచున్నది. ఈ కూర్పు ఏ ప్రకటనలోను వివరింపబడలేదు. పట్టికను కాలక్రమమున పరచి చూచిన వారికి మాత్రమే గోచరించును.

భాషావిషయము సంక్షేపముగ చెప్పెదను. మండలి భాష సరళగ్రాంథికము. గిడుగు రామమూర్తిపంతులుగారి వాదమును, 1911లో ఏర్పడిన ఆంధ్రసాహిత్యపరిషత్తు ప్రతివాదమును చెలరేగిన దినములలో లక్ష్మణరావుగా రేపక్షమువారని మన విద్యార్థులు తరచుగ అడుగుదురు. పక్షనిర్ణయమునకు వారి వ్యాసములకంటె వారి శాస్త్రగ్రంథమాలయే మేలైన సాక్ష్యము. అందు వ్యాకరణమును విడువలేదు. వ్యాకరణముకొరకు వాక్యమును బిగింపనులేదు. రసాయనము చదువువానికి భాష అడ్డురాకుండుటయే వారి సిద్ధాంతమని తోచును.

ఇక 'ఆంధ్రవిజ్ఞానసర్వస్వము'. సంపాదకుని నెరుగుటకు దీనిని మించిన ఆకరము లేదు. ఏలయన మనుష్యుని గుణమును, దాని ప్రక్కనే దోషమును ఇందు స్పష్టముగ కనిపించును. భారతీయభాషలలో ఇట్టి యత్నములు మిక్కిలి అరుదైన కాలమున వారు దీనికి పూనుకొనిరి. మల్లంపల్లి సోమశేఖరశర్మగారివంటి సహాయకులను చేర్చుకొనిరి. మూడు సంపుటములు వెలువడినవి. అవి వర్ణమాలలో అకారమును దాటలేదు. ఇంగ్లీషు విజ్ఞానసర్వస్వమునుండి అనువదించి యుండినచో పని త్వరగా సాగియుండును. లక్ష్మణరావుగారు దాని కంగీకరింపలేదు. చరిత్ర, శాసనములు, సంస్కృతవాఙ్మయమునకు సంబంధించిన ఆరోపములలో ముఖ్యమైనవానిని పెక్కింటిని తామే వ్రాసిరి. అవి నిఘంటువులోని వివరణములు కావు; స్వతంత్రపరిశోధనవ్యాసములు. వానిలో పెక్కు నేటికిని పఠనీయములు. కాని ఒక్కొక్క ఆరోపమున కంతటి శ్రమ పడినచో క్షకారమును చేరుటకు ఎన్ని జన్మములు వలయునో లెక్క కట్టవచ్చును.

ఇచ్చట మరాఠీతో పోలిక తప్పదు. శ్రీధర వేంకటేశ కేత్కరుగారు లక్ష్మణరావుగారి తరువాతనే జ్ఞానకోశమునకు పూనుకొని, దానికొక వాటాల సంస్థ నేర్పరచి, 1920 దశాబ్దములో ఇరువదిమూడు సంపుటములు వెలువరించిరి. ముందు మొదలిడిన తెలుగు ఆగిపోయినది. వెనుక మొదలిడిన మరాఠీ ముగిసినది. దీనికి 1914 నాటి మహాయుద్ధమును, కాగితపు కరవును, ధనలోపమును, చివరకు సంపాదకుని అకాలమరణమును కారణములుగ చూపుదురు. అవి నిజములే. అయినను సంస్థాగతమైన కారణమొకటి మిగిలియున్నది. కేత్కరుగారు పనిని సంస్థ కప్పగించిరి. లక్ష్మణరావుగారి సంస్థ లక్ష్మణరావుగారే. వారి యిల్లగు వేదవిలాసము కార్యాలయమును, గ్రంథాలయమును, అతిథిగృహమును కూడ. 1919 మే 27న వీరేశలింగంపంతులుగారు కన్నుమూసినదియు ఆ ఇంటనే. అట్టి ఇల్లు పెద్దమనసునకు నిదర్శనమే. కాని ఇంటి యజమాని పోయిననాడు కార్యాలయము పోవును. తరువాత కాశీనాథుని నాగేశ్వరరావుపంతులుగారు సర్వస్వమును పునరుద్ధరింప యత్నించి 1930 దశాబ్దములో కొన్ని సంపుటములు ప్రకటించిరి. సోమశేఖరశర్మగారు తెలుగుభాషాసమితి విజ్ఞానసర్వస్వమునకు తమ అనుభవమును తెచ్చిరి. అనగా మండలి పద్ధతి నశింపలేదు. మనుష్యుల ద్వారా ప్రవహించినది.

ఈ విమర్శ వారి గౌరవమునకు భంగమని తలచువా రుందురు. స్మారకసంచికలలో వచ్చిన వ్యాసములలో పెక్కింటి కీ భయము కలదు. వానిలో లక్ష్మణరావుగారు ఎల్లపుడును శాంతమూర్తులు, ఎల్లపుడును కార్యదీక్షాపరులు. ఒక రచయిత ప్రతిని త్రిప్పిపంపినట్లుగాని, చందా చెల్లింపని సభ్యునకు తాఖీదు వ్రాసినట్లుగాని కనబడదు. పదునేడు సంవత్సరములు ఒక సంస్థను నడపినవా డీ పనులు చేయకుండుట అసంభవము. స్మృతులను వలదనుట లేదు. అందలి విశేషణములను ప్రక్కన బెట్టి తేదీలను, ఇండ్లను, వ్యక్తుల పేర్లను గ్రహింపవలెను.

స్మృతులకంటె నమ్మదగిన ఆధారము మరియొకటి కలదు. దానిని మనమే పోగొట్టుకొనుచున్నాము. ఆ కాలపు గ్రంథముల అట్టలమీదను, చివరి పుటలలోను మండలి నియమములు, చందా వివరములు, రాబోవు ప్రచురణల ప్రకటనలు, చందాదారులకు సూచనలు ముద్రింపబడెడివి. సంపాదకుడు పాఠకునితో నేరుగ మాటలాడినది అచ్చటనే. ప్రకటించియు వెలువడని గ్రంథము లేవి, ఏ నియమ మే సంవత్సరమున మారినది అను విషయములకు ఆ పుటలే సాక్ష్యము. పాతగ్రంథమును గట్టి అట్టతో కట్టించునపుడు బైండరు మొట్టమొదట చింపివేయునవి అవియే. నేను చూచిన ఒక గ్రంథాలయములో మండలి పుస్తకములు వరుసగ, శుభ్రముగ, క్రొత్త కాలికో అట్టలతో నున్నవి. ఒక్కదానికిని మూలపు అట్ట లేదు. సంఖ్యాచిత్రములుగ మార్చినవారును కొన్ని ప్రతులలో ప్రకటనల పుటలను అనవసరమని విడిచిపెట్టిరి.

కావున మండలిపై సిద్ధాంతగ్రంథము వ్రాయదలచిన విద్యార్థి, ముద్రితగ్రంథముల పట్టికతో తృప్తిపడక, ఒక్కొక్క గ్రంథమునకు దొరకినన్ని ప్రతులను చూచి, అట్ట మిగిలిన ప్రతి ఎచ్చట నున్నదో గుర్తించుకొనవలెను. గ్రామగ్రంథాలయములలోను, పాతకాలపు న్యాయవాదుల ఇండ్లలోను ఇంకను కొన్ని యుండవచ్చును. రచయితల కుటుంబములలో సంపాదకుడు వ్రాసిన లేఖలు, దిద్దిన ప్రూఫులు ఉన్నవేమో అడుగవలెను. ఈ పని మన శాఖాగ్రంథాలయములలోని ప్రతులతోనే మొదలుపెట్టవచ్చును. తరువాతి కట్టుకు పంపుటకు ముందు అట్టలను విడదీసి భద్రపరచుటకు పెద్ద వ్యయము కానేరదు.