అయస్కాంత ఫలకాల పాఠపరిష్కరణ: పాత మెయిన్‌ఫ్రేమ్ డిస్కుల నుంచి దత్తాంశ పునరుద్ధరణ

వ్యాససంగ్రహం: 1950ల నుంచి 1970ల వరకు మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్లలో వాడిన అయస్కాంత డిస్కులపై మిగిలిన దత్తాంశాన్ని నేడు ఏ విధంగా చదువుతున్నారో ఈ వ్యాసం వివరిస్తుంది. తొలి పఠనాన్ని దిద్దకుండా భద్రపరచవలసిన అవసరాన్ని పాఠపరిష్కరణ దృష్టితో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: మెయిన్‌ఫ్రేమ్, డిస్క్ ప్యాక్, అయస్కాంత సంకేతం, దత్తాంశం, పాఠపరిష్కరణ.

1. డిస్కు స్వరూపం

తాళపత్రం చేతికి అందితే లిపి తెలిసినవారు దానిని చదవగలరు. మసి చెరిగిపోయినా గంటం గీసిన గాడి మిగిలే ఉంటుంది. మళ్ళీ మసి పూస్తే అక్షరం పైకి తేలుతుంది. అయస్కాంత డిస్కు విషయంలో ఈ సౌలభ్యం లేదు. దానిపై ఉన్న రాత కంటికి కనిపించదు. దానిని చదవడానికి యంత్రం కావాలి. ఆ యంత్రాల తయారీ ఏనాడో ఆగిపోయింది.

ఐ.బి.ఎం. సంస్థ 1956 సెప్టెంబరులో ప్రకటించిన రామాక్ 305 కంప్యూటరులోని 350 యూనిట్ వాణిజ్యపరంగా వెలువడిన తొలి డిస్కు నిల్వసాధనం. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో రేనాల్డ్ జాన్సన్ నాయకత్వంలోని బృందం దీనిని రూపొందించింది. 24 అంగుళాల వ్యాసం గల 50 ఫలకాలు ఒకే ఇరుసుపై నిమిషానికి 1200 సార్లు తిరిగేవి. ఇంత పెద్ద యంత్రంలో పట్టినవి 50 లక్షల అక్షరాలు మాత్రమే. ఫలకాలపై అయస్కాంత పూత వేసిన తీరు నేటివారికి వింతగా తోస్తుంది. ఐరన్ ఆక్సైడ్ కలిపిన రంగును మేజోళ్ళ గుడ్డతో వడకట్టి, తిరుగుతున్న ఫలకం లోపలి అంచువద్ద కాగితపు కప్పుతో పోసేవారు. భ్రమణ వేగానికి రంగు తానే అంచులదాకా పరచుకొనేది.

1962లో వచ్చిన ఐ.బి.ఎం. 1311తో ఫలకాల దొంతరను యంత్రం నుంచి విడదీసి బీరువాలో దాచుకొనే వీలు కలిగింది. 14 అంగుళాల ఫలకాలు ఆరింటిని ఒక దొంతరగా అమర్చిన ఈ డిస్క్ ప్యాక్ సుమారు 20 లక్షల అక్షరాలను దాచేది. పునరుద్ధరణకర్తలకు నేడు ఎదురయ్యేవి ఎక్కువగా ఇటువంటి ప్యాకులే. చదివే యంత్రం పోయినా అవి విడిగా మిగిలిపోవడమే దీనికి కారణం.

2. తొలి పఠనం

పాత ప్యాకును దొరికిన వెంటనే డ్రైవులో పెట్టి తిప్పడం ప్రమాదకరం. 14 అంగుళాల ఫలకం నిమిషానికి 2400 సార్లు తిరిగినప్పుడు దాని అంచు గంటకు సుమారు 160 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. చదివే హెడ్ ఆ ఉపరితలానికి కొద్ది మైక్రోమీటర్ల ఎత్తున గాలిపొరపై తేలుతుంది. తల వెంట్రుక మందం అంతకు ఎన్నో రెట్లు. మధ్యలో ధూళికణం అడ్డుపడితే హెడ్ ఫలకాన్ని తాకి పూతను గీకివేస్తుంది. పూతతోపాటు రాత కూడా రాలిపోతుంది. ఆ పొడి పక్క ట్రాకులకు వ్యాపిస్తుంది. అందుచేత ముందుగా ప్రతి ఫలకాన్ని వెలుతురులో పరీక్షించి శుభ్రపరచి, గీతలు పడిన ఉపరితలాలను గుర్తించి విడిగా ఉంచాలి.

రెండవ చిక్కు హెడ్ స్థానానికి సంబంధించినది. 1970లో ఐ.బి.ఎం. 3330 వచ్చి, ఒక ఉపరితలాన్ని పూర్తిగా స్థాననిర్దేశానికే కేటాయించింది. అంతకుముందు ఆ సంస్థ ప్యాకులలో ట్రాకు ఎక్కడుందో నిర్ణయించేది డ్రైవులోని యాంత్రిక అమరికే. ఒక డ్రైవులో రాసిన ప్యాకు మరొక డ్రైవులో సరిగా చదవబడకపోవడానికి ఇది ముఖ్య కారణం. హెడ్‌ను స్వల్పంగా అటూ ఇటూ జరుపుతూ అదే ట్రాకును పలుమార్లు చదవవలసి వస్తుంది.

ఈ దశలో అనుభవజ్ఞులు పాటించే నియమం ఒకటుంది. హెడ్ నుంచి వచ్చే విద్యుత్ తరంగాన్ని అప్పటికప్పుడే సున్నాలుగా, ఒకట్లుగా మార్చరు. తరంగాన్నే యథాతథంగా అంకీకరించి దాచి, విడదీసే పనిని తరువాత సాఫ్ట్‌వేర్‌కు అప్పగిస్తారు. క్రే సూపర్ కంప్యూటర్లకు చెందిన ఆపరేటింగ్ సిస్టం ఒకటి సీడీసీ సంస్థ తయారుచేసిన 80 మెగాబైట్ల డిస్క్ ప్యాక్ నుంచి ఈ విధంగానే బయటపడింది. రామాక్ విషయంలోనూ కంప్యూటరు మొత్తాన్ని తిరిగి నిర్మించలేదు. దాని తొలి ఇంజనీర్లలో ఒకరైన ఆల్ హోగ్లండ్ చొరవతో శాంటా క్లారా విశ్వవిద్యాలయంలో 2000ల తొలి సంవత్సరాలలో ఒక డిస్కు యూనిట్‌ను పునరుద్ధరించారు. దశాబ్దాల నాటి అయస్కాంత రాతను అది తిరిగి చదివింది. ఆ యూనిట్ ఇప్పుడు మౌంటెన్ వ్యూలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో ఉంది.

3. తనిఖీ బిట్లు, ఛందస్సు

పదాల మధ్య ఖాళీ లేని తాళపత్రాన్ని విడదీసే పరిష్కర్తకు ఛందస్సు తోడ్పడుతుంది. ఉత్పలమాల పాదంలో లేఖకుడు ఒక అక్షరం వదిలితే గణం చెడుతుంది. పదవ అక్షరం వద్ద యతి తప్పుతుంది. డిస్కుపై ఈ పనిని తనిఖీ బిట్లు చేస్తాయి. తొలినాటి యంత్రాలలో ప్రతి అక్షరానికి ఆరు బిట్లతోపాటు ఒక తనిఖీ బిట్ ఉండేది. మొత్తం ఒకట్ల సంఖ్య ముందుగా నిర్ణయించిన విధంగా బేసిగానో సరిగానో రావాలి. ఒక బిట్ తారుమారైతే లెక్క తప్పుతుంది. రెండు తారుమారైతే తప్పు జరిగిన జాడే తెలియదు. తరువాతి డిస్కులలో రికార్డు చివర చేర్చిన చక్రీయ తనిఖీ బైట్లు ఇంతకంటె నమ్మదగినవి.

యతి తప్పినదని తెలిసినంత మాత్రాన కవి వాడిన పదమేదో తెలియదు. యతి కుదిరేలా దిద్దిన పాఠం కవిపాఠమేనన్న హామీ కూడా లేదు. డిస్కు విషయంలోనూ అంతే. తనిఖీ కుదిరే వరకు బిట్లను మార్చుకుంటూ పోయే సాఫ్ట్‌వేర్ శుభ్రమైన ఫైలును ఇస్తుంది గాని, ఆ ఫైలులో పరిష్కర్త ఊహ ఎంతో, మూలం ఎంతో చెప్పదు. అధికసంఖ్యాక పఠనాన్ని స్వీకరించడమూ అన్నివేళలా క్షేమం కాదు. పూత చెడినచోట పదిసార్లు చదివితే పదిసార్లూ అదే తప్పు రావచ్చు. ఒకే మాతృక నుంచి దిగిన పది ప్రతులు పది సాక్ష్యాలు కావన్న సంగతి మన పరిష్కర్తలకు కొత్తది కాదు. మూల తరంగాన్ని దాచుకొన్నవారు ఆ నిర్ణయాన్ని తిరిగి పరీక్షించగలరు. దిద్దిన ఫైలును మాత్రమే మిగుల్చుకొన్నవారికి ఆ అవకాశం ఉండదు.

4. సంకేతం నుంచి అర్థానికి

బిట్లన్నీ సరిగా వచ్చినా పఠనం పూర్తి కాదు. 1964లో ప్రకటించిన సిస్టం/360 నుంచి ఐ.బి.ఎం. మెయిన్‌ఫ్రేములు ఎబ్సిడిక్ అనే అక్షరసంకేతాన్ని వాడాయి. ఆంగ్ల అక్షరం ‘ఎ’కి ఆస్కీ పద్ధతిలో విలువ 41 కాగా, ఎబ్సిడిక్‌లో సి1 (రెండూ షోడశాంశ సంఖ్యలు). పట్టిక ఉంటే ఈ మార్పిడి సులభమే. అయితే ఫైలు మొత్తాన్ని పట్టికతో మార్చివేయడంలో పెద్ద ప్రమాదం ఉంది. ఆనాటి వ్యాపార ఫైళ్ళలో సంఖ్యలను చోటు కలిసిరావడానికి బైటుకు రెండు అంకెల చొప్పున కుదించి రాసేవారు. 1956 అనే సంఖ్య మూడు బైట్లలో 01, 95, 6సి అవుతుంది. చివరి ‘సి’ ధనసంఖ్యకు గుర్తు. ఇదే వరుసను అక్షరాలుగా భావించి మార్చితే మొదటి బైటు నియంత్రణ సంకేతంగా, రెండవది ‘ఎన్’ అక్షరంగా, మూడవది శాతం గుర్తుగా మారిపోతాయి. సంఖ్య అదృశ్యమవుతుంది, యంత్రం మాత్రం ఏ దోషాన్నీ చూపదు.

ఏ బైటు అక్షరమో, ఏది సంఖ్యో సాధారణంగా ఆ రికార్డులో రాసి ఉండదు. సిస్టం/360 డిస్కులలో ప్రతి రికార్డుకు ముందు ఎనిమిది బైట్ల శీర్షిక ఉంటుంది. అది రికార్డు స్థానాన్ని, పొడవును చెబుతుంది గాని లోపలి అమరికను చెప్పదు. ఆ అమరిక ఉండేది ఫైలును వాడిన కోబాల్ ప్రోగ్రాములోని దత్తాంశ విభాగంలో. ఆ ప్రోగ్రాము తరచుగా మరొక ప్యాకులోనో, కార్డుల కట్టలోనో, వెడల్పాటి కాగితాలపై ముద్రించిన జాబితాలోనో ఉండేది. గ్రంథాలయాలు, కార్యాలయాలు ప్యాకును విలువైన వస్తువుగా దాచి, పక్కనున్న కాగితాలను చిత్తుగా పారవేయడం వలన కలిగే నష్టం ఇక్కడే తెలుస్తుంది. 01, 95, 6సి అనే మూడు బైట్లు సంవత్సరమో, రూకల మొత్తమో, సరుకు సంఖ్యో చెప్పగలిగినవి ఆ కాగితాలే.