నలభై నిమిషాల పాట - ఇరవైమూడు గంటల బాట

దూరపు కొండలు నునుపన్నారు పెద్దలు. ఇది సంగీత బృందాల జీవితానికి సరిగ్గా సరిపోయే సామెత. హాస్టల్లో రాత్రిపూట కబుర్లు చెప్పుకొనేటప్పుడు, "వాళ్ళకేంరా, గిటారు వాయిస్తారు, ఊళ్ళు తిరుగుతారు, చప్పట్లు కొట్టించుకుంటారు" అని మాలో ఎవరో ఒకరు అంటూనే ఉండేవారు. నేనూ అన్నాను. ఆ తర్వాత కొంతకాలానికి హెన్రీ రోలిన్స్ అనే అమెరికన్ గాయకుడు తన యాత్రల దినచర్యను అచ్చువేయించిన "గెట్ ఇన్ ది వ్యాన్" (1994) నా చేతికి చిక్కింది. చదివాక నా అభిప్రాయం తలకిందులైంది. ఆ పుస్తకంలో పాట గురించి ఉన్నదానికంటె ఆకలి గురించి, చలి గురించి, నిద్ర గురించి ఉన్నదే ఎక్కువ. పంక్ బ్యాండు ఊరూరా తిరగడమంటే నిజానికి ఏమిటో, అందులోని సాధకబాధకాలేమిటో నేను తెలుసుకొన్నంతలో చెప్పాలని ఈ వ్యాసం.

ముందుగా పంక్ అంటే ఏమిటి? ఇంగ్లీషులో ఆ మాటకు పోకిరి, పనికిమాలినవాడు అని అర్థం. 1974-76 మధ్య న్యూయార్కులోనూ లండన్‌లోనూ కొందరు కుర్రకారు, అప్పటికి బాగా బలిసిపోయిన రాక్ సంగీతం మీద విసుగెత్తి, రెండు మూడు నిమిషాల పాటలు, మూడే స్వరమేళాలు, చెవులు చిల్లులుపడే వేగం - వీటితో ఒక కొత్త పద్ధతి మొదలుపెట్టారు. న్యూయార్కులో రామోన్స్, లండన్‌లో సెక్స్ పిస్టల్స్, క్లాష్ ఇందులో ముందువరుస వాళ్ళు. పెద్ద కంపెనీలను, పెద్ద హాళ్ళను, పెద్దమనిషి తరహాను వెక్కిరించడమే వీళ్ళ పని. అలాంటప్పుడు ఆ పెద్దలు వీళ్ళను నెత్తిన పెట్టుకొంటారా? రేడియోలో పాట రాదు, దుకాణంలో రికార్డు దొరకదు. కనుక మిగిలిన దారి ఒక్కటే. సామాను వ్యాన్‌లో పడేసుకొని, వినేవాళ్ళున్న ఊరికి తామే వెళ్ళాలి. సరదా తిరుగుడు కాదది, గత్యంతరం లేని తిరుగుడు.

దాని లెక్క ఇలా ఉంటుంది. బృందంలో ముగ్గురో నలుగురో వాద్యగాళ్ళు, ఒకరిద్దరు సహాయకులు. వారితోపాటు డ్రమ్ములు, గిటార్లు, బరువైన స్పీకరు పెట్టెలు. ఇవన్నీ ఒకే వ్యాన్‌లో. బయల్దేరకముందే ఒకడు టెలిఫోను దగ్గర కూర్చుని ఊరూరికీ ఫోన్లు చేసి తేదీలు కుదుర్చుకోవాలి. ఆ తేదీలు పటంలో వరసగా పడాలి. ఇవాళ ఈ మూల, రేపు ఆ మూల అంటే వచ్చిన డబ్బంతా పెట్రోలు తాగేస్తుంది. మధ్యలో కచేరి లేని రోజు పడిందా, ఆ రోజు ఆదాయం సున్న. పొట్టలకు మాత్రం సెలవుండదు గదా! ఇచ్చే పారితోషికం కూడా రెండు రకాలు. కొందరు ఇంత అని ముందే మాట ఇస్తారు. చాలాచోట్ల మాత్రం గుమ్మం దగ్గర వసూలైన టిక్కెట్ల డబ్బులో వాటా. జనం వస్తే భోజనం, రాకపోతే చేతి చమురు వదిలించుకోవడం. వ్యాన్ చెడిపోయిందంటే మరమ్మతు ఖర్చు ఒకటి, అందుకోలేకపోయిన తర్వాతి ఊళ్ళ నష్టం మరొకటి. లాస్‌ఏంజెలిస్ నుంచి న్యూయార్కుకు రోడ్డుమీద సుమారు 4,500 కిలోమీటర్లు. అంత దేశంలో ఈ లెక్క తప్పకుండా నడిపించడం ఏ కామర్స్ పట్టభద్రుడికైనా పరీక్షే.

కాలిఫోర్నియాలోని హెర్మోసా బీచిలో 1976లో గ్రెగ్ గిన్ మొదలుపెట్టిన బ్లాక్ ఫ్లాగ్ బృందం ఈ బాటలన్నీ తొక్కిన తొలి బృందాల్లో ఒకటి. రోలిన్స్ వాషింగ్టన్‌లో ఒక ఐస్‌క్రీము దుకాణం చూసుకొంటూ ఉండేవాడు. 1981లో, ఇరవై ఏళ్ళ వయసులో, ఆ ఉద్యోగం వదిలేసి ఈ బృందంలో గాయకుడుగా చేరాడు. నెలజీతం పోయి రోజుకు కొద్ది డాలర్ల తిండిఖర్చు మిగిలింది. హోటలు గది అంటే పండుగ. మామూలు రోజుల్లో వినడానికి వచ్చిన ఏ కుర్రాడో "మా ఇంట్లో పడుకోండి" అంటే ఆ ఇంటి నేలే పాన్పు. ఎవరూ అనకపోతే సామాను మధ్యనే నిద్ర. వేదిక ఎక్కితే ఇంకో రకం బాధ. సభికుల్లో కాళ్ళకు సిగరెట్టు అంటించినవాళ్ళున్నారు, గుద్దినవాళ్ళున్నారు, సీసాలు విసిరినవాళ్ళున్నారు. అయినా మర్నాడు మరో ఊరు. 1986లో బృందం విడిపోయేదాకా ఇదే వరస.

సముద్రం అవతల ఇంగ్లండులో కష్టం ఇంకో రూపంలో వచ్చింది. 1976 డిసెంబరు 1న సెక్స్ పిస్టల్స్ వాళ్ళు ఒక టెలివిజన్ ముఖాముఖిలో బూతులు మాట్లాడారు. తెల్లారేసరికి పత్రికలన్నీ గగ్గోలు. అప్పుడే మొదలుకావలసిన వారి యాత్రలో సుమారు ఇరవై కచేరీలు ఏర్పాటై ఉంటే, ఊరి పెద్దలు, హాళ్ళ యజమానులు భయపడి చాలాభాగం రద్దు చేసేశారు. చివరికి జరిగినవి ఏడెనిమిదికి మించలేదు. నాలుగు బృందాలను ఎక్కించుకొన్న బస్సు, పాడే చోటు లేక, ఊరినుంచి ఊరికి తిరుగుతూ ఉండిపోయింది. వేల్సులోని కేర్‌ఫిల్లీ పట్టణంలో ఒకవైపు లోపల కచేరి, మరోవైపు బయట చలిలో నిలబడి క్రైస్తవ భక్తులు క్రిస్మస్ కీర్తనలతో నిరసన!

అభిమానం కూడా ఒక్కోసారి ప్రాణం మీదికి తెచ్చేది. ఆ రోజుల్లో వేదికమీద వాళ్ళపై ఉమ్మివేయడమే మెచ్చుకోలు అనుకొనే దిక్కుమాలిన అలవాటొకటి బయల్దేరింది. క్లాష్ గాయకుడు జో స్ట్రమర్ 1978లో హెపటైటిస్‌తో ఆసుపత్రి పాలయ్యాడు. పాడుతుండగా నోట్లో పడ్డ ఉమ్మివల్లనే అది వచ్చిందని చెప్పుకొన్నారు.

ఆడపిల్లల సంగతి మరీ అన్యాయం. 1977లో క్లాష్‌తో కలిసి యాత్ర చేసిన స్లిట్స్ అందరూ యువతులే. గాయని ఆరీ అప్‌కు అప్పటికి పదిహేనేళ్ళు. వాళ్ళను బస్సు ఎక్కించుకోవడానికి డ్రైవరే ఒప్పుకోకపోతే బతిమాలి, చేతిలో ఏదో పెట్టి ఒప్పించాల్సి వచ్చేది. హోటళ్ళవాళ్ళు వేషం చూసి బయటికి పొమ్మనేవారు. సమాజాన్ని ఎదిరిస్తున్నామనే మగవాళ్ళు వేదికమీద మెప్పు పొందితే, అదే పనిచేసిన ఆడవాళ్ళకు తల దాచుకొనే చోటు దొరకలేదు.

బయటి కష్టాలు సరే, లోపలివి చూడండి. నెలల తరబడి ఒకే వ్యాన్‌లో అవే ముఖాలు. రామోన్స్ 1974 నుంచి 1996 వరకు 2,263 ప్రదర్శనలిచ్చారు. అంటే ఇరవైరెండేళ్ళపాటు సగటున మూడు నాలుగు రోజులకొకటి. అందులో ఎక్కువ కాలం గాయకుడు జోయీకి, గిటారు వాయించే జానీకి మాటల్లేవు. జోయీ ప్రేమించిన అమ్మాయి జానీ భార్య కావడం ఆ గాయం. రోజూ ఒకే వ్యాన్, ఒకే వేదిక, ఒక్క మాట లేదు! ఇంత తిరిగినా, 1976లో వచ్చిన వాళ్ళ మొదటి రికార్డు అమెరికాలో 5 లక్షల ప్రతుల అమ్మకానికిచ్చే గోల్డ్ గుర్తింపు పొందింది 2014లో. అప్పటికి ఆ రికార్డు చేసిన నలుగురిలో మిగిలింది డ్రమ్ములు వాయించిన టామీ ఒక్కడే. ఆ జూలైలో అతనూ పోయాడు. సెక్స్ పిస్టల్స్‌కైతే 1978 జనవరిలో అమెరికాలో చేసిన ఏడే ఏడు కచేరీల యాత్ర చాలింది. ఏడోది ముగిసిన కొద్దిరోజులకే బృందం ముక్కలైంది. వారిలో సిడ్ విషస్ మాదకద్రవ్యాలకు లొంగిపోయి మర్నాటి సంవత్సరం ఫిబ్రవరిలో ఇరవైఒక్క ఏళ్ళకే చనిపోయాడు.

అన్నిటికంటె నా మనసును పట్టుకొన్నది మినిట్‌మెన్ కథ. కాలిఫోర్నియాలోని సాన్ పెడ్రో రేవుపట్టణం కుర్రాళ్ళు వీళ్ళు. డి. బూన్, మైక్ వాట్ చిన్ననాటి నేస్తాలు, మూడోవాడు జార్జి హర్లీ. పొదుపే వీరి మతం. కూలివాళ్ళు లేరు, సామాను తామే దింపుకొని తామే ఎక్కించుకొనేవారు. 1984లో వీరు "డబుల్ నికిల్స్ ఆన్ ది డైమ్" అనే రికార్డు తెచ్చారు. ఆ పేరులో ఒక చమత్కారముంది. డబుల్ నికిల్స్ అంటే గంటకు 55 మైళ్ళు, అప్పటి చట్టబద్ధమైన వేగం. డైమ్ అంటే 10వ నంబరు అంతర్రాష్ట్ర రహదారి. 55 మైళ్ళతో నడపడం నావల్ల కాదని గొప్పగా పాడుకొన్న ఒక రాక్ గాయకుడికి ఇది ఎకసెక్కపు జవాబు. "మేం బండి నిదానంగానే నడుపుతాం, తెగింపంతా పాటలో చూపిస్తాం" అని దాని తాత్పర్యం. 1985 డిసెంబరు 22న బూన్ జ్వరంతో ఒళ్ళు తెలియక వ్యాన్ వెనకభాగంలో పడుకొని అరిజోనా ఎడారి మీదుగా వెళుతున్నాడు. బండి రోడ్డు తప్పింది. బెల్టు లేని అతను వెనక తలుపులోంచి బయటికి విసిరివేయబడి, మెడ విరిగి అక్కడికక్కడే చనిపోయాడు. వయసు ఇరవైఏడు. ఆ రోడ్డు వాళ్ళు పాటల రికార్డుకు పేరుగా పెట్టుకొన్న 10వ నంబరు రహదారే.

ఇలాంటిది ఇదొక్కటే కాదు. 2003 జూలై 20న ఎక్స్‌ప్లోడింగ్ హార్ట్స్ అనే బృందం శాన్‌ఫ్రాన్సిస్కోలో పాడి, రాత్రంతా ప్రయాణంచేసి పోర్ట్‌లాండుకు తిరిగి వెళుతోంది. తెల్లవారుజామున ఆరిగాన్ రాష్ట్రంలో వ్యాన్ బోల్తాపడి నలుగురిలో ముగ్గురు పోయారు. హోటలు గదికి డబ్బు లేకపోవడం, మర్నాడు ఇంకెక్కడో ఉండవలసి రావడం, నిద్రలేని కళ్ళతో స్టీరింగు పట్టడం - పంక్ యాత్రల్లో అసలు శత్రువు పోలీసూ కాదు, సీసాలు విసిరే జనమూ కాదు. తెల్లవారుజాము మూడు గంటల నిద్ర.

ఈ మాట ఊరికే అనడంలేదు. నేను చదువుకొనే రోజుల్లో ఒక యువజనోత్సవంలో నాటిక వేసి, కప్పు గెలిచిన సంబరంలో "తెల్లారేసరికి హాస్టల్లో ఉండాలి" అని రాత్రికి రాత్రే అద్దె వ్యాన్‌లో బయల్దేరాం. ఎక్కడో తెలీదు, నిద్రలో ఒక కుదుపు. కళ్ళు తెరిస్తే వ్యాన్ వరిచేలో ఉంది, చక్రాలు బురదలో. డ్రైవరు బిత్తరపోయి కూర్చున్నాడు, మాకోసం రెండు రాత్రులు కునుకు లేకుండా తిప్పిన మనిషి. ఎవరికీ ఏమీ కాలేదు. కప్పు మూత మాత్రం సొట్టపోయింది. ఆ రోజు అది నవ్వుకొనే కథ. బూన్ గురించి చదివిన రోజున మాత్రం నవ్వు రాలేదు. చేను బదులు చెట్టు ఉండి ఉంటే?

మరి ఇన్ని బాధలు పడి ఎందుకు వెళ్ళినట్లు? జవాబు వాషింగ్టన్‌లో 1987లో తొలి కచేరి చేసిన ఫుగాజీ చూపించారు. టిక్కెట్టు సాధారణంగా 5 డాలర్లకు మించనివ్వలేదు. సారా అమ్ముకొనే హాళ్ళు చిన్నపిల్లల్ని రానివ్వవు గనుక, అన్ని వయసులవాళ్ళకూ ప్రవేశం ఉండాలని పట్టుబట్టారు. చర్చి హాళ్ళు, సంఘ భవనాలు, కళాశాల గదులు వెతుక్కొని పాడారు. 2003లో విరామం ప్రకటించేలోపల వెయ్యికి పైగా కచేరీలు చేశారు. ఖర్చు తగ్గించుకొంటే ఎవరికీ తలవంచనక్కర్లేదు - ఇదే సూత్రం. బ్లాక్ ఫ్లాగ్ వంటి వాళ్ళు ఆకలితో తిరిగి ఏ ఊళ్ళో ఏ హాలుందో, ఎవరు మాట మీద నిలబడతారో కనుక్కొని పెట్టారు. వెనక వచ్చినవాళ్ళు ఆ దారినే నడిచారు. 1991లో "నెవర్‌మైండ్"తో ప్రపంచమంతా మారుమోగిన నిర్వాణ కూడా అంతకుముందు వ్యాన్‌లో ఈ చిన్న హాళ్ళు తిరిగిన బృందమే. ముందు నడిచినవాడికి ముళ్ళు, వెనక నడిచినవాడికి బాట.

వాళ్ళ కష్టాలను గొప్పచేసి చెప్పి, ఆకలితో ఉంటేనే కళ పండుతుందనడం నా ఉద్దేశం కాదు. ఆకలి వల్ల పాట బాగుపడదు, మనిషి పాడవుతాడు. రోలిన్స్ పుస్తకం మూసేశాక నాకు మిగిలింది ఒక్క ప్రశ్న: వచ్చిన బృందాన్ని ఆ రాత్రి ఎవరైనా "భోంచేశారా?" అని అడిగారా? అడిగిన ఊళ్ళను వాళ్ళు జన్మంతా గుర్తుపెట్టుకొన్నారు.

ఏటా మన విద్యార్థి సంఘం కూడా వార్షికోత్సవానికి ఎవరో ఒక బృందాన్ని పిలుస్తుంది. మనం చూసేది నలభై నిమిషాలు. మిగతా ఇరవైమూడు గంటలు వాళ్ళవి. కనుక సంఘం మిత్రులకు ఒక పాత విద్యార్థిగా మూడు విన్నపాలు. ఒప్పుకొన్న డబ్బు వేదిక దిగగానే ఇవ్వండి. పాటకు ముందో వెనకో వేడివేడి భోజనం పెట్టండి. రాత్రి పొద్దుపోతే హాస్టల్లో రెండు గదులు తీయించి, డ్రైవరుతో సహా పడుకోమని చెప్పండి. తెల్లారాక కాఫీ తాగి వెళతారు. మన సావనీరులో మన పేర్లుంటాయి. వాళ్ళు క్షేమంగా ఇల్లు చేరిన సంగతి ఎక్కడా అచ్చుకాదు. అయినా అదే మన ఉత్సవం బాగా జరిగిందనడానికి గుర్తు.