పుట్టగొడుగుల వేట

ఒక వీధిలో నాలుగు దినములలో పది దుకాణములు వెలసినచో, అవి పుట్టగొడుగులవలె పుట్టుకొనివచ్చినవని జనులందురు. ఈ మాట వాడువారిలో పుట్టగొడుగు పుట్టుటను కన్నులార చూచినవారు మాత్రము అరుదు. చూడగోరువారు నైరుతి ఋతుపవనములు ప్రవేశించి రెండుమూడు మంచి వానలు కురిసిన పిదప, వేకువనే చెట్లున్న చోటికి పోవలెను. అందులకు దూరారణ్యములకు పోనక్కరలేదు. హైదరాబాదు నగరమధ్యమున రాతిగుట్టల నడుమనున్న కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయోద్యానము వంటి తావైనను చాలును. 1998వ సంవత్సరమున జాతీయోద్యానముగా ప్రకటింపబడిన ఆ వనపుబాటలలో ప్రతి ఉదయమును పెక్కుమంది నడచుచుందురు. వారిలో నేలవంక చూచుచు నెమ్మదిగా నడచువానికే పుట్టగొడుగులు దొరకును. వడిగా నడచువానికి నెమళ్లు మాత్రము కనబడును.

పుట్టగొడుగు మొక్క కాదు. దానికి ఆకులు లేవు, పచ్చదనము లేదు. ఎండనుండి ఆహారము చేసికొనజాలదు. దాని కణముల గోడలలో రొయ్య పెంకునందుండు కైటిన్ అను పదార్థమే ఉండును. 1969లో విట్టేకర్ అను అమెరికను శాస్త్రజ్ఞుడు జీవరాశిని ఐదు రాజ్యములుగా విభజించినపుడు, శిలీంధ్రములకు ప్రత్యేకముగా ఒక రాజ్యమునిచ్చెను. మనకు కనబడు గొడుగు ఆ జీవి యంతయు కాదు. మామిడిచెట్టుకు పండెట్టిదో శిలీంధ్రమునకు గొడుగట్టిది. అసలు దేహము మట్టిలోను, కుళ్లిన కొయ్యలోను సాలెగూటివంటి సన్నని పోగులుగా అల్లుకొని యుండును. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రపు అడవిలో ఇట్టి శిలీంధ్రమొకటి సుమారు 965 హెక్టారుల మేర నేలక్రింద వ్యాపించియున్నట్లు కనుగొనిరి. గొడుగు తొలుత చిన్న బొడిపెగా ఏర్పడి, వాన కురియగానే నీరు పీల్చుకొని ఉబ్బి పైకి లేచును. ఒక్క రాత్రిలో పుట్టినట్లు తోచుటకు కారణమిదియే.

తెలుగువారు పెట్టిన పేరులోనే ఒక గొప్ప సంగతి దాగియున్నది. పుట్టమీద మొలచు గొడుగు గనుక అది పుట్టగొడుగు. కొన్ని జాతుల చెదలు ఎండుటాకులను, పుల్లలను నమిలి తెచ్చి, పుట్టలోపల తమ మలముతో స్పాంజివంటి తట్టులను కట్టును. ఆ తట్టులపై ఒకజాతి శిలీంధ్రము పెరుగును. చెదలు సరిగా జీర్ణించుకొనలేని కొయ్యపదార్థమును ఆ శిలీంధ్రము మెత్తబరచును. చెదలు దానిని తినును. మానవుడు నాగలి పట్టుటకు లక్షలాది సంవత్సరములకు పూర్వమే చెదలు ఇట్లు సేద్యము చేయుచున్నవి. వానలు పడగానే ఆ తట్టునుండి వేరువంటి పొడవైన కాడ మట్టిని చీల్చుకొని పైకివచ్చి గొడుగు విప్పును. 1942లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రోజర్ హైమ్ ఈ ప్రజాతికి టెర్మిటోమైసిస్ అని పేరుపెట్టెను. చెదలకు సంబంధించిన శిలీంధ్రమని దాని యర్థము. శాస్త్రజ్ఞుడు పెట్టిన పేరును, పల్లెవారు ఏనాడో పెట్టిన పేరును ఒకే సంగతిని చెప్పుచున్నవి. ఆఫ్రికాలోని జాంబియాలో ఈ ప్రజాతికే చెందిన ఒక పుట్టగొడుగు సుమారు మీటరు వెడల్పు వరకు విచ్చుకొనును. అది నిజముగా వానలో పట్టుకొనదగిన గొడుగే!

జాతీయోద్యానములలో దేనినిగాని పీకుట, కొనిపోవుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నిషిద్ధము. కావున ఈ వేటకు కెమెరాయే ఆయుధము, సెల్‌ఫోనైనను చాలును. నిలుచుండి పైనుండి తీసిన చిత్రము అందముగా ఉండవచ్చును గాని, పుట్టగొడుగు పేరు తెలిసికొనుటకు పనికిరాదు. మోకాళ్లపై కూర్చుండి, కెమెరాను నేలమట్టమునకు దించి, ప్రక్కనుండి ఒక చిత్రము తీయవలెను. గొడుగు అడుగున పుస్తకపు పుటలవంటి రేకులున్నవా, సూదిరంధ్రములున్నవా యనునది ముఖ్యము. చేతి అద్దమును గొడుగు క్రింద నుంచినచో, పీకకుండగనే ఆ భాగము కనబడును. కాడపై ఉంగరమువంటి పట్టీ, మొదట గిన్నెవంటి తొడుగు ఉన్నవేమో చూడవలెను. పరిమాణము తెలియుటకు ప్రక్కన రూపాయి నాణెమును పెట్టుట మంచిది. అది మొలచినది మట్టిలోనా, కొయ్యపైనా, పేడపైనా? దగ్గరనున్న చెట్టేది? ఇవి వ్రాసికొననిచో చిత్రమునకు సగము విలువ పోవును. మబ్బుపట్టిన వెలుతురు ఈ పనికి మిక్కిలి అనుకూలము. ఫ్లాష్ వేసినచో తెల్లని గొడుగు సున్నపుముద్దవలె కనబడును. నీడ మిక్కుటమైనచో తెల్లని చేతిరుమాలును ప్రక్కన పట్టి వెలుతురును గొడుగు క్రిందికి మరల్చవచ్చును.

ఆలస్యము మాత్రము పనికిరాదు. సిరాగొడుగులు కొన్ని తెల్లవారునప్పటికి గంటవలె నిలిచి, ప్రొద్దెక్కుకొలది అంచునుండి కరగి నల్లని ద్రవమై కారిపోవును. ఒకే గొడుగును గంటగంటకు చిత్రించినచో ఆ కథ యంతయు కనులకు కట్టును. కుళ్లిన పుల్లలపై పిట్టగూళ్లవంటి బుల్లి శిలీంధ్రములుండును. గూటిలో గ్రుడ్లవలె కనబడునవి సిద్ధబీజముల పొట్లములు. వానచినుకు గూటిలో పడగానే అవి ఎగిరి దూరముగా పడును.

పచ్చికబయళ్లలో గోధుమరంగు పొలుసులతో మొలచు పెద్ద తెల్లని గొడుగు ఒకటి కలదు. దాని శాస్త్రనామము క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్. చూచుటకు తినదగినదానివలెనే ఉండును. లేతప్రాయమున దాని రేకులును తెల్లనివే. ముదిరిన పిదప మాత్రము అవి ఆకుపచ్చబారును. దానిని తిన్నవారికి కొన్ని గంటలలో తీవ్రమైన వాంతులు, విరేచనములు పట్టుకొనును. ఐరోపాలో పుట్టిన అమానిటా ఫాల్లాయిడిస్ ఇంతకంటె ఘోరమైనది. తిన్న ఆరు గంటల వరకును, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువసేపును, ఏ బాధయు తెలియదు. తరువాత వాంతులు కలిగి, కొంత నెమ్మదించినట్లు తోచి, అంతలో కాలేయము చెడును. ఎంత ఉడికించినను దాని విషము పోదు. వెండినాణెము నల్లబడనిచో విషము లేదనియు, పురుగులు తిన్నదానిని మనుష్యులు తినవచ్చుననియు చెప్పు మాటలు వట్టివి. ఛాయాచిత్రమును చూచి సెల్‌ఫోను చెప్పు పేరు ఊహయే గాని నిర్ణయము కాదు. దానిని నమ్మి నోట పెట్టుకొనరాదు. ఎవరైన పొరపాటున తిన్నచో, బాధ కలుగువరకు వేచియుండక, మిగిలిన ముక్కతో వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను.

నేడు చూచిన గొడుగుకొరకు రెండుమూడు దినములు గడచిన పిదప అదే తావునకు పోయినవానికి వాడిన కాడయు, చుట్టును ముసరిన ఈగలును కనబడును. పుట్ట మాత్రము అట్లేయుండును. దానిలోపల చీకటిలో చెదలు ఎండుటాకులు మోయుచునే యుండును.