షుగరు పరీక్షలాగే రొయ్యకూ పరీక్ష

ముమ్మిడివరం ప్రాంతంలో ఎకరం, రెండెకరాల చెరువు చేసే రైతుకు నెలల కష్టమంతా ఒక్క పట్టుబడిలో తేలుతుంది. ఆ రొయ్యలో నిషేధించిన యాంటీబయాటిక్ ఆనవాలు దొరికిందంటే ఎగుమతికి పనికిరాదు. ఆ సంగతి ముందుగా చెరువు గట్టునే తెలిస్తే? అందుకు పనికొచ్చే సెన్సర్ల మీద పరిశోధనలు సాగుతున్నాయి.

ఎంత ఉంటే తప్పు?

క్లోరాంఫెనికాల్ మనిషి ఎముక మూలుగను దెబ్బతీసే ప్రమాదం ఉన్నందున రొయ్యల సాగులో దాన్ని నిషేధించారు. యూరప్ దేశాలు 2022 నవంబరు నుంచి కిలోకు 0.15 మైక్రోగ్రాములనే హద్దుగా పెట్టుకున్నాయి. అంటే 250 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి 1,600 టన్నుల రొయ్యలో సమంగా కలిసినా దొరికిపోతుందన్న మాట!

సెన్సర్ ఎలా పనిచేస్తుంది?

షుగరు చూసే మీటరు చాలా ఇళ్లలో ఉంది. పట్టీ మీద రక్తపు బొట్టు వేస్తే చక్కెరను బట్టి స్వల్పంగా కరెంటు పుడుతుంది. మీటరు దాన్నే అంకెగా చూపుతుంది. క్లోరాంఫెనికాల్ కూడా తగిన వోల్టేజి ఇస్తే ఎలక్ట్రాన్లను తీసుకుంటుంది. అప్పుడు పారే కరెంటును కొలిస్తే మందు ఎంతుందో తెలుస్తుంది.

అయితే మందు అతి తక్కువ గనుక కరెంటూ అతి తక్కువే. ఇక్కడే నానో పదార్థాలు అక్కరకొస్తాయి. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షలవ వంతు. కొబ్బరి ముక్క కంటే కోరిన కొబ్బరి నుంచి పాలు బాగా దిగినట్టే, బంగారు నానో రేణువులు, గ్రాఫీన్, కార్బన్ నానో గొట్టాలు పూసిన పట్టీకి ఉపరితలం బాగా పెరుగుతుంది. దాంతో సంకేతం బలంగా వస్తుంది.

చిక్కు ఎక్కడ?

రొయ్య మాంసంలోని కొవ్వు, మాంసకృత్తులు పట్టీకి అంటుకుని లెక్క తప్పిస్తాయి. అందుచేత ఇలాంటి సెన్సర్‌తో చూసినా ల్యాబు నిర్ధారణ తప్పదు.

రైతు చేయవలసింది

* వైట్ స్పాట్ వైరస్ జబ్బు. దానికి యాంటీబయాటిక్ పనిచేయదు. డబ్బు దండగ, సరుకుకు ముప్పు.
* లేబుల్ లేని పొడులు మేతలో కలపవద్దు. కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ నమోదు ఉన్నదీ లేనిదీ చూసి, బిల్లు తీసుకుని కొనండి.
* యూరప్‌కు వెళ్లే సరుకైతే పట్టుబడికి ముందే ఎంపెడా ఎలీసా ల్యాబులో పరీక్ష చేయించి సర్టిఫికెట్ తీసుకోవాలి.

ఎంత మంచి సెన్సరైనా ఉన్న మందును చూపుతుందే గాని తీసేయలేదు. చెరువులో వేయకపోవడమే అసలు మందు.