మందు రాస్తే జుట్టు ఇంకా రాలుతోందా?

(రేడియో మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



పొద్దున్నే తల దువ్వుకుని, దువ్వెనలో చిక్కిన జుట్టును వుండ చుట్టి, ఎవరి కంటా పడకుండా చెత్తబుట్టలో వేసే అలవాటు మనలో చాలామందికి వుంది. ఆ వుండ రోజురోజుకీ పెద్దదవుతుంటే గుండెల్లో రాయి పడినట్టుంటుంది. పైకి చెప్పుకోలేం. చెప్పుకుంటే, “ఈ వయసులో నీకు జడ మీద ధ్యాస ఏమిటి?” అంటారేమోనని సంకోచం.

నా పాపిడి వెడల్పవుతోందని నేనూ చాలాకాలం దాచుకున్నాను. చివరికి చర్మవ్యాధుల డాక్టరు దగ్గరకు వెళ్ళాను. ఆవిడ రక్తం పరీక్ష చేయించి, రక్తహీనత, థైరాయిడ్ లోపం లేవని తేల్చుకుని, మినాక్సిడిల్ అనే లోషన్ రాసిచ్చారు. శ్రద్ధగా రాసుకోవడం మొదలుపెట్టాను. మూడోవారం వచ్చేసరికి స్నానాలగది తూముకి జుట్టు అడ్డం పడింది! మా అత్తగారు చూసి, “వున్న జుట్టు కూడా వూడగొట్టే మందు డబ్బిచ్చి కొనుక్కున్నావా అమ్మా?” అన్నారు. ఆ రోజే సీసా అటక మీదికి వెళ్ళిపోయింది.

తరువాత డాక్టరు దగ్గరకు వెళ్ళి ఆ సంగతి చెబితే, ఆవిడ నవ్వి, “మందు పనిచెయ్యడం మొదలుపెట్టగానే మానేశారన్నమాట” అన్నారు. ఆవిడ చెప్పింది విన్నాక నాకు అర్థమైనదే మీతో చెప్పాలని ఈ ప్రసంగం.

మన తలమీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కొక్కటీ రెండేళ్ళ నుంచి ఆరేళ్ళ దాకా పెరుగుతుంది. తరువాత మూడునెలల పాటు ఎదుగూ బొదుగూ లేకుండా వుండి, రాలిపోతుంది. ఆ కుదురులోనే కొత్తది పుడుతుంది. అందుకే రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం ఆరోగ్యవంతులకు కూడా మామూలే. ఈ మందు చేసే పనల్లా, నిద్రపోతున్న కుదుళ్ళను తట్టి లేపడం. కింద కొత్త వెంట్రుక బయలుదేరితే పైనున్న పాతది రాలక తప్పదు. పాలపళ్ళ సంగతి గుర్తు తెచ్చుకోండి. కింద గట్టిపన్ను తోస్తుంటే పైది వూడుతుంది. పిల్లవాడి బోసినోరు చూసి మనం బెంగపడతామా? నిదానంగా రాలవలసిన జుట్టు ఒక్కసారిగా రాలుతుంది కనుక మనం కంగారు పడతాం, అంతే.

ఈ రాలడం సాధారణంగా రెండోవారం నుంచి ఎనిమిదోవారం లోపల కనిపించి, తగ్గిపోతుంది. అందరికీ రావాలనీ లేదు. మూడునెలలు దాటినా తగ్గకపోతే మాత్రం డాక్టరుకి చూపించుకోవాలి.

ఇక రెండో బాధ మంట, దురద. ఇది రాలడం లాంటిది కాదు. ఈ రెంటినీ కలిపేసుకోవడం వల్లే చాలామంది పొరబడుతున్నారు. రాలడానికి భయపడి మందు మానేసేవాళ్ళు కొందరు, మాడు మండిపోతున్నా “మందు పనిచేస్తోంది కాబోలు” అని పళ్ళబిగువున భరించేవాళ్ళు కొందరు. రెండూ తప్పే.

మంట ఎందుకొస్తుందంటే, మినాక్సిడిల్ వట్టి నీళ్ళలో తేలిగ్గా కరగదు. కరిగించడానికి లోషన్‌లో ఆల్కహాలు, ప్రొపిలీన్ గ్లైకాల్ అనే ద్రవం కలుపుతారు. చాలామందికి పడనిది ఆ ద్రవమే. రాసిన కాసేపు చురచురలాడి తగ్గిపోతే ఫరవాలేదు. మాడు ఎర్రబడినా, పొట్టు రేగినా, పొక్కులు వచ్చినా, దురద రోజంతా వదలకపోయినా మందు ఆపి డాక్టరుకి చెప్పండి. ఆ ద్రవం లేకుండా నురగలా వచ్చే ఫోమ్ రకం వుంది, దానికి మారిస్తే చాలామందికి సర్దుకుంటుంది. ఫోమ్ కూడా పడకపోతే అసలు మందే సరిపడలేదేమో పరీక్ష చేసి చూస్తారు. ఒక్కోసారి దురదకి కారణం చుండ్రే కావచ్చు. దానికి కీటోకొనజోల్ షాంపూ రాసిస్తారు.

మండుతున్న మాడు మీద నిమ్మరసం, ఉల్లిరసం పొయ్యకండి. పుండు మీద కారం చల్లినట్టే. గోళ్ళతో గోకకండి. జుట్టుకి రంగు వేసుకున్న రోజున లోషన్ జోలికి పోకండి.

రాసుకునే పద్ధతి కూడా ముఖ్యం. తల పొడిగా వుండాలి, నూనె వుండకూడదు. పాపిడి తీసి, డ్రాపర్‌తో ఒక మిల్లీలీటరు చర్మం మీద పడేటట్టు వేసి, వేళ్ళతో అద్దాలి. జుట్టుకి పూస్తే దండగ. నాలుగు గంటల దాకా తల తడపకూడదు. ఆరకుండా పడుకుంటే దిండుకి అంటి, అక్కణ్ణుంచి ముఖానికి అంటుకుని, చెంపల మీద నూగు వెంట్రుకలు రావచ్చు. చేతులు కడుక్కోవడం మరచిపోకండి. ఇంట్లో పిల్లి వుంటే అది నాకకుండా చూసుకోండి, దాని ప్రాణానికే ముప్పు. ఎంత శాతం మందు, ఎన్నిసార్లన్నది డాక్టరు చెప్పినట్టే వాడాలి. మావారి సీసా వుందికదా అని అది తీసుకోకండి. రెట్టింపు రాస్తే రెట్టింపు జుట్టు రాదు, రెట్టింపు మంటే వస్తుంది.

ఇది మొదట రక్తపోటుకి వాడిన మాత్ర. మింగినవాళ్ళకి ఒళ్ళంతా వెంట్రుకలు పెరుగుతుంటే గమనించి లోషన్ చేశారు. అమెరికాలో 1988లో మగవాళ్ళకి, 1991లో ఆడవాళ్ళకి అనుమతి వచ్చింది. రక్తపోటు మందు కనుకనే, తల తిరిగినా, గుండె దడ వచ్చినా, ఛాతీలో నొప్పి అనిపించినా, కాళ్ళు వాచినా వెంటనే ఆపి డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడకూడదు.

ఇంకొక్క మాట. రూపాయి బిళ్ళంత మేర నున్నగా అయితే అది వేరే జబ్బు. పురుడు పోసుకున్నాక, పెద్ద జ్వరం వచ్చాక రెండు మూడు నెలలకి గుప్పెళ్ళకొద్దీ రాలితే, అది చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది. అందుకే ముందు పరీక్ష, తరువాతే మందు.

ఫలితం తెలియాలంటే నాలుగు నుంచి ఆరునెలలు పడుతుంది. మానేస్తే మూడు నాలుగు నెలల్లో వచ్చిన జుట్టు పోతుంది. మొదలుపెట్టే ముందే ఈ సంగతి ఆలోచించుకోండి. నెలకొకసారి, ఒకే వెలుతురులో పాపిడిని ఫోటో తీసి పెట్టుకోండి. రోజూ అద్దంలో చూసుకుంటే తేడా తెలియదు.

రెండోసారి మొదలుపెట్టినప్పుడూ నాకు జుట్టు రాలింది. ఈసారి సీసా అటకెక్కలేదు. మొన్న పండుగనాడు నా పాపిట్లో కుంకుమ పెడుతూ మా అత్తగారు, “చోటు కాస్త తగ్గిందే!” అన్నారు. తూము సంగతి మాత్రం ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.